నాన్న వేసిన ఆఖరి జడ

(చెన్నై విల్లివాక్కంలో జరిగిన సంస్మరణ సభలో పెద్దకూతురు మాట్లాడిన మాటలు)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంత ఉక్కలో శ్రమపడి వచ్చారు. నాన్నతో కలిసి పనిచేసిన ఫ్యాక్టరీ మామయ్యలు, మా క్వార్టర్స్ రోజుల అత్తయ్యలు, ఊరి నుంచి తెల్లారుజామున బయల్దేరి వచ్చిన బాబాయిలు, అందరికీ దండాలు. తమిళం మాట్లాడే అన్నలు, అక్కలు కూడా చాలామంది ఉన్నారు. నేను తెలుగులోనే మాట్లాడతాను. మా ఇంట్లో కేకలు, నవ్వులు అన్నీ గోడవతల నుంచి తెలుగులోనే విన్నారు కదా, మీకు కొత్తేం కాదు.

ఇందాకటి నుంచి వక్తలు నాన్న మంచి భర్త, మంచి తండ్రి, మంచి తాత అన్నారు. నిజమే. నేను మాత్రం ఆయన చేతుల గురించి చెప్తాను. నాకు బాగా తెలిసింది అవే.

మణికట్టు నుంచి మోచేతి దాకా ఆవగింజంత తెల్ల మచ్చలుండేవి నాన్నకు. వెల్డింగ్ చేసేటప్పుడు ఎగిరిపడే రవ్వల మచ్చలవి. తోలు గ్లోవ్స్, ఏప్రన్ వేసుకున్నా రవ్వ ఏదో ఒక సందులో దూరేది. చిన్నప్పుడు రాత్రిళ్ళు ఆయన పక్కన పడుకుని ఆ మచ్చలు లెక్కపెట్టేదాన్ని. ఎప్పుడూ పూర్తిగా లెక్కపెట్టింది లేదు, మధ్యలోనే నిద్రపట్టేది.

కొన్ని రాత్రులు ఆయనకు నిద్ర ఉండేది కాదు. పక్కన ఎవరో ఆర్క్, అంటే వెల్డింగ్ మెరుపు, వెలిగించినప్పుడు అద్దం అడ్డం లేకుండా ఆ వెలుగు కంట్లో పడితే, అప్పటికేమీ తెలియదు. అర్ధరాత్రి నొప్పి మొదలవుతుంది. కళ్ళలో గుప్పెడు ఇసుక పోసి రుద్దినట్టు ఉంటుందట. అమ్మ బంగాళాదుంప పల్చగా తరిగి కళ్ళ మీద పెట్టేది. ముక్క వేడెక్కగానే తీసి ఇంకోటి పెట్టేది. తెల్లారేదాకా గోడకానుకుని అలాగే కూర్చునేది. నాన్న అమ్మకు చేసిన సేవ గురించి ఇవాళ అందరూ చెప్పారు. ముందు అమ్మ చేసిన సేవ చెప్పకుండా ఆయన సంగతి చెప్తే నాన్న ఒప్పుకోరు. అందుకే ఇది ముందు చెప్పాను.

నాన్నది నాయుడుపేట దగ్గర చిన్న పల్లె. 1969లో, 20 ఏళ్ళ వయసులో, ఐటీఐ సర్టిఫికెట్ పట్టుకుని పెరంబూరు వచ్చారు. అక్కడ రైలు పెట్టెలు చేసే ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో చేరారు. అప్పటికి ఆ ఫ్యాక్టరీకి పద్నాలుగేళ్ళు. 1955 అక్టోబర్ 2న నెహ్రూ గారు ప్రారంభించారు. స్విట్జర్లాండ్ కంపెనీ ఒకటి పని నేర్పితే మనవాళ్ళు నేర్చుకుని నిలబెట్టిన ఫ్యాక్టరీ అది. నాన్న చేరేనాటికి ఆ స్విస్ వాళ్ళ దగ్గర నేర్చుకున్న పెద్దలు ఇంకా ఫ్యాక్టరీ వర్క్‌షాపుల్లో ఉన్నారు. వాళ్ళ గురించి చెప్పేటప్పుడు నాన్న గొంతు మారిపోయేది, గురువుల గురించి చెప్తున్నట్టు.

"ఇంటిగ్రల్ అంటే ఏంటి నాన్నా?" అని ఒకసారి అడిగాను. ఆరో క్లాసులో ఉన్నాననుకుంటా. ఆయన దేవుడి గూట్లోంచి అగ్గిపెట్టె తెచ్చి, లోపలి అర బయటికి లాగారు. ఆ అర నా చేతిలో పెట్టి, "వేలితో నొక్కమ్మాయ్" అన్నారు. నొక్కితే వంగిపోయింది. అర మళ్ళీ డొల్లలోకి తోసి, "ఇప్పుడు నొక్కు" అన్నారు. వంగలేదు. "పాత పెట్టెల్లో బరువంతా కింద ఉండే ఇనప దూలాలే మోసేవి. పైన చెక్క. దెబ్బ తగిలితే ముక్కలే. మన పెట్టెలో నేల, గోడలు, కప్పు అన్నీ అతికేసి ఒకటే చేస్తాం. బరువు అన్నీ కలిసి మోస్తాయి. అదీ ఇంటిగ్రల్ అంటే." నేను తర్వాత బ్యాంకులో చేరాను, ఇనుముతో నాకు పనిలేదు. అయినా ఆ అగ్గిపెట్టె పాఠం నా పిల్లలకూ చెప్పాను.

ఇంకొకటి. మన తెలుగువాళ్ళం రైలు పెట్టెను బోగీ అంటాం. నాన్న ముందు ఆ మాట అంటే ఊరుకునేవారు కాదు. "బోగీ అంటే కింద చక్రాలుండేది. మనం కూర్చునేది కోచ్" అని పెళ్ళిళ్ళలో కొత్త అల్లుళ్ళకు కూడా చెప్పేవారు. స్టేషన్‌లో రైలాగితే ఆయన ముందు సీటు చూసుకోరు, పెట్టె నంబర్ చూస్తారు. మొదటి రెండు అంకెలు ఆ పెట్టె తయారైన సంవత్సరం. 88తో మొదలైతే 1988. తర్వాత తలుపు దగ్గర పలక చూస్తారు, పంజాబ్‌లోని కపూర్తలా ఫ్యాక్టరీదా, మనదా అని. మనదైతే చేత్తో ఒకసారి గోడ తడిమి ఎక్కుతారు. మేము సామాన్లతో వెనక నిలబడి టెన్షన్ పడుతుంటే "రైలు పోదులే" అనేవారు.

ఇప్పుడు జడ సంగతి.

1993లో అమ్మ చేతివేళ్ళు వాచడం మొదలైంది. ముందు చాకిరీ ఎక్కువై అనుకున్నాం. తర్వాత పొద్దున లేస్తే గంట, గంటన్నర దాకా పిడికిలి ముడుచుకునేది కాదు. చెంబు పట్టుకుంటే జారిపోయేది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు డాక్టర్లు. మన ఒంట్లో రోగాల మీద పోరాడాల్సిన శక్తే తిరగబడి కీళ్ళను తినేస్తుందని, పూర్తిగా పోదని, అదుపులో పెట్టుకోవాలని చెప్పారు. అమ్మకప్పుడు 38 ఏళ్ళు. మోకాళ్ళ దాకా జుట్టు. అది దువ్వుకోలేక ఒకరోజు దువ్వెన విసిరికొట్టి, "కత్తిరించేయండి, పీడా పోతుంది" అని ఏడ్చింది.

నాన్న ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున ఐదింటికి లేచి గోరువెచ్చని నీళ్ళు బేసిన్‌లో పోసి అమ్మ చేతులు అందులో పెట్టించారు. తను వెనక పీట వేసుకుని కూర్చుని జుట్టు చిక్కు తీయడం మొదలుపెట్టారు. మొదటిరోజు జడ పక్కకి వంకరపోయింది. రెండోరోజు మధ్యలో వదులైంది. వారం తిరిగేసరికి కుదిరింది. "ఇదీ వెల్డింగే. చెయ్యి ఒకే వేగంతో పోవాల. ఆగితే లావవుద్ది, తొందరపడితే పల్చబడద్ది. బీడు సమంగా పడాల" అన్నారు. వెల్డింగ్ చూసినవాళ్ళకు తెలుస్తుంది, మంచి బీడు, అంటే అతుకు మీద కరిగి గట్టిపడ్డ లోహపు గీత, పొరలు పొరలుగా, ఒకదాని మీద ఒకటి వాలినట్టు అచ్చం జడలాగే ఉంటుంది. ఆ జడ వేశాకే సైకిల్ తీసేవారు, షిఫ్ట్‌కి.

అప్పటి నుంచి 32 ఏళ్ళు. జ్వరమొచ్చినా, మా పెళ్ళిళ్ళ రోజుల్లోనూ. పెళ్ళిలో అమ్మ జడకు పూలు కుడతామని అత్తయ్యలు వస్తే, "పూలు మీరు పెట్టండి, జడ నేనేస్తా" అన్నారు. అది చూసి మొదట్లో కొందరు నవ్వారు కూడా. మగాడు ఆడదానికి జడ వేయడమేంటని. ఆయన పట్టించుకున్నది లేదు. ఆ నవ్వినవాళ్ళలో కొందరు తర్వాత మా ఇంటికొచ్చి, తమ ఇంట్లో ఆడవాళ్ళకు కీళ్ళనొప్పులు వస్తే ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలని నాన్ననే అడిగారు.

అమ్మకు రాసిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. అది వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికే వస్తుంది. నాన్న ఆ స్ట్రిప్ మిగతా మందులతో కలవనివ్వలేదు. తన టూల్ బాక్స్‌లో పెట్టి తాళం వేసేవారు. ఆదివారం రాత్రి అన్నాలయ్యాక తాళం తీయడం, మాత్ర ఇవ్వడం, క్యాలెండర్‌లో ఆదివారం గడిలో ఎర్ర పెన్సిల్‌తో గీత పెట్టడం. రక్తపరీక్ష చేయించాల్సిన రోజు గడి చుట్టూ సున్నా చుట్టేవారు. ఇంట్లో ఎవరికైనా ఇలాంటి మందు నడుస్తుంటే ఈ ఒక్క పద్ధతి పాటించండి. ఇది కూతురిగా కాదు, చూసిన మనిషిగా చెప్తున్నాను.

ఒక మాట ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఈ సభలో చెప్పాలని రాత్రే అనుకున్నాను.

అమ్మ జబ్బు పడ్డ ఏడే నా ప్లస్ టూ అయిపోయింది. ఇంజినీరింగ్ చదవాలని నాకు పిచ్చి ఆశ. సర్కారు కాలేజీలో సీటు రాలేదు. ప్రైవేట్ కాలేజీలో చేరాలంటే డబ్బు కావాలి. అప్పటిదాకా నాన్న ఓవర్‌టైమ్ చేసేవారు, ఆ డబ్బు మీదే నా లెక్క. సరిగ్గా ఆ ఏడాదే ఆయన ఓవర్‌టైమ్ మానేశారు. "నా వల్ల కాదమ్మాయ్, బీకామ్ చదువుకో" అన్నారు. కారణం చెప్పలేదు. నేను మూడు నెలలు ఆయనతో మాట్లాడలేదు. అన్నం పెట్టేదాన్ని, పళ్ళెం ముందుంచి వెళ్ళిపోయేదాన్ని. ఆయనా నన్ను ఒక్కమాట అనలేదు. సాయంత్రం ఐదింటికి ఇంటికొచ్చి బియ్యం కడిగి, కూర తరిగి, అమ్మకు కాళ్ళు పట్టి, తమ్ముళ్ళ హోంవర్క్ చూసేవారు. ఆ పనులన్నీ నా కళ్ళ ముందే జరుగుతున్నాయి. ఓవర్‌టైమ్ మానేసింది వాటికోసమేనని ఆ వయసులో నాకు తట్టలేదు. "మీ అమ్మ వల్ల నీ చదువు ఆగింది" అనే మాట నా చెవిన పడకూడదని ఆయన కారణం దాచారు. అది నాకు తెలిసింది నా కొడుకు పుట్టాక, అదీ పెద్ద తమ్ముడి నోటి నుంచి. అప్పుడు వెళ్ళి నాన్న పక్కన కూర్చున్నాను గానీ నోరు పెగల్లేదు. ఆయన మాత్రం పిల్లాడి గోళ్ళు పెరిగాయి, తీయమన్నారు.

2009లో రిటైరయ్యారు. మనవలు, మనవరాళ్ళు కలిపి ఐదుగురు. ఇక్కడి బళ్ళలో వాళ్ళకు తమిళం, ఇంగ్లీషు. తెలుగు ఇంట్లో మాట్లాడటమే, చదవడం రాదు. పలక మీద అక్షరాలు దిద్దిస్తే పారిపోయేవాళ్ళు. నాన్న ఏం చేశారంటే, నెలకోసారి ఒక్కొక్కణ్ణి వెంటబెట్టుకుని చెన్నై మూర్ మార్కెట్ స్టేషన్ నుంచి సూళ్లూరుపేట లోకల్ ఎక్కేవారు. ఆరంబాక్కం దాకా తమిళనాడు. అది దాటగానే ఆంధ్రా, మొదటి స్టేషన్ తడ. బోర్డు మీద రెండే రెండు అక్షరాలు. గుణింతం లేదు, ఒత్తు లేదు. "చదువబ్బయ్యా" అంటే మా చిన్నాడు "త... డ... తడ!" అని సీటు మీద గంతేశాడట. తెలుగులో వాడు చదివిన మొదటి మాట అదే. తర్వాత అక్కంపేటతో క ఒత్తు వచ్చింది. సూళ్లూరుపేటతో దీర్ఘాలు. అక్కడ దిగి ఇడ్లీ తిని తిరిగొచ్చేవాళ్ళు. ఈ పాఠాలు బాగా వచ్చిన పిల్లలకు ప్రమోషన్, అంటే నాయుడుపేట దాకా ప్యాసింజర్ రైలు. దొరవారిసత్రం బోర్డు తడుముకోకుండా చదివితే పాసయినట్టు. ఐదుగురూ పాసయ్యారు. ఈ సభకు తెలుగులో ఆహ్వానం రాసింది కూడా వాళ్ళే, మీరందరూ చూశారు.

2019 ఎండాకాలం చెన్నైలో నీళ్ళు లేని రోజులు మీకు గుర్తుండే ఉంటుంది. చెరువులు నెర్రెలిచ్చాయి, మా బోరులో బురద వచ్చింది. నాన్నకు అప్పుడు 70 ఏళ్ళు. మెట్రో వాటర్ లారీ కోసం రాత్రి పదకొండింటికి బిందెలు వరసలో పెట్టి పక్కనే కూర్చునేవారు. జూలై 12న జోలార్‌పేట నుంచి నీళ్ళు మోసుకుని రైలు మన విల్లివాక్కానికే వచ్చింది. 50 వ్యాగన్లు, 25 లక్షల లీటర్లు. నాన్న చూడటానికి వెళ్ళారు. వచ్చి అమ్మతో, "రైలు నీళ్ళు కూడా తెచ్చింది చూడు" అన్నారు. ఆ వేళే రెండు బిందెల నీళ్ళు వేడిచేసి అమ్మకు తలంటారు, మూడు వారాల తర్వాత మొదటిసారి.

ఆయన నేర్చుకున్న పాత డిజైన్ కోచ్‌ల తయారీ 2018 జనవరిలో ఆగిపోయింది. ఆఖరి పెట్టె ఫ్యాక్టరీ నుంచి బయటికి వెళ్ళిన ఫోటో పేపర్లో వస్తే, ఆ కాగితం మడిచి టూల్ బాక్స్‌లో పెట్టుకున్నారు. బాధపడ్డారా అంటే చెప్పలేను. ఆ సంవత్సరమే అదే ఫ్యాక్టరీ వందే భారత్ చేసింది, అప్పటికి దాన్ని ట్రైన్ 18 అన్నారు. పద్దెనిమిది నెలల్లో చేశారని వీధిలో కనపడ్డ ప్రతివాళ్ళకూ చెప్పారు. 2023 సెప్టెంబర్‌లో విజయవాడ వందే భారత్ మొదలైతే చిన్న తమ్ముడు అమ్మానాన్నలకు నెల్లూరుకు టికెట్ తీశాడు. దారంతా ఆయన కిటికీలోంచి బయటికి చూడలేదట. గోడలు, కప్పు, మూలలు చూస్తూ కూర్చున్నారట. దిగేముందు తలుపు పక్కన చేత్తో తడిమి, "యాడ అతికారో తెలవట్లేదు. మంచి పనోళ్ళు" అన్నారని తమ్ముడు చెప్పాడు.

అదే ఏడాది జూన్ 2న ఒడిశాలో, చెన్నై వస్తున్న కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం. ఆ రాత్రంతా టీవీ ముందు నుంచి కదలలేదు. ఎవరు పలకరించినా పలకలేదు. ఆయన చేసిన పెట్టెలు కావవి, ఆయన తప్పేమీ లేదు. అయినా మర్నాడు అన్నం ముట్టలేదు. లోపల జనాన్ని కూర్చోబెట్టే వస్తువును నలభై ఏళ్ళు చేసిన మనిషికి అలాగే ఉంటుందేమో.

పోయిన నెల ఆ శనివారం కూడా పొద్దున అమ్మకు జడ వేశారు. మధ్యాహ్నం పప్పు, దొండకాయ వేపుడుతో అన్నం తిని పడుకున్నారు. నాలుగింటికి కాఫీకి లేపితే లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు.

మర్నాడు తీసుకెళ్ళాక ఇంట్లో అందరూ తలస్నానం చేయాలి. అమ్మ జడ విప్పాలి. ఎవరూ ముందుకు రాలేదు. నేను విప్పాను. చివర నల్ల రబ్బర్ బ్యాండ్, ఎప్పటిలాగే మూడు చుట్లు. పైనుంచి కిందిదాకా ఒకే బిగువు. ఎక్కడా ఒక పాయ లావు లేదు, ఒక పాయ సన్నం లేదు. 76 ఏళ్ళ మనిషి వేసిన జడ అది. విప్పాక కూడా ఆ తెల్లవెంట్రుకలు మడతలు మడతలుగా అలాగే నిలబడ్డాయి, నీళ్ళు పోసేదాకా.

పదోరోజు అమ్మకు బొట్టు, గాజులు తీయాలని కొందరు పెద్దలు అన్నారు. వాళ్ళు ద్వేషంతో అనలేదు, వాళ్ళకు తెలిసిన ఆచారం అది. కానీ నాన్న మా తమ్ముళ్ళిద్దరికీ ఎప్పుడో చెప్పి ఉంచారు, "ఆ బొట్టు నేను రాకముందు నుంచీ ఆమెది, నేను పోతే ఎందుకు తీయాల" అని. అమ్మ ఇదిగో, ముందు వరసలో బొట్టుతోనే కూర్చుంది. జడ మాత్రం వేయించుకోవట్లేదు. ముడి వేయించుకుంటోంది. వేస్తామని కోడళ్ళు అడిగారు, వద్దంది. మేమెవరం బలవంతం చేయలేదు.

అస్థికలు స్వర్ణముఖిలో కలపడానికి నాయుడుపేట వెళ్ళాం, రైల్లోనే. స్టేషన్‌లో మా అబ్బాయి సామాను వదిలేసి పెట్టె చివరికి పరిగెత్తాడు. నంబర్ 05తో మొదలైంది. అంటే 2005, నాన్న ఇంకా డ్యూటీలో ఉన్నారు. వాడు తలుపు దగ్గర పలక చూసి, "మనదే అమ్మమ్మా" అని అరిచాడు. అమ్మ నెమ్మదిగా నడిచి వచ్చింది. ఆ చేతివేళ్ళు ఇప్పుడు పూర్తిగా చాపుకోలేదు. అరచేతి కింది భాగం ఆ పెట్టెకు ఆనించి కాసేపు నిలబడింది. గార్డు జెండా ఊపేదాకా మేమెవరం ఎక్కమని అనలేదు.

ఇప్పుడు నాన్నతో మొదటి రోజు నుంచి పనిచేసిన మామయ్య మాట్లాడతారు. మామయ్యా, మీకు మైకు ఇచ్చేముందు ఒకటి అడగాలి. నాన్న అన్నన్ని పెట్టెల నంబర్లు చూశారు గానీ, తను మొట్టమొదట వెల్డింగ్ చేసిన పెట్టె నంబర్ మాకు ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు. మీకు గుర్తుంటే చెప్పండి. మా అబ్బాయి పెన్ను పట్టుకుని కూర్చున్నాడు, రాసుకుంటాడు.